షోకేసున్న పడవ

పడవల సర్వేయరు ముక్కుతో బతికే మనిషి. పాత పడవ సముద్రం దాటగలదో లేదో తేల్చి చెప్పడం అతని ఉద్యోగం. అతని సంతకం చూసిగానీ ఇన్సూరెన్సు వాళ్ళు పాలసీ ఇవ్వరు. కొత్త పడవైతే చుట్టూ తిరిగి కళ్ళతో చూస్తాడు. పాతదైతే ముందు తలుపు తీసి, తల లోపల పెట్టి, గట్టిగా ఊపిరి పీలుస్తాడు. కుళ్ళిన చెక్కకి ఒక వాసన ఉంటుంది. కారిన డీజిలుకి ఒకటి. ఓనరు దాచిన విషయానికి ఇంకొకటి. ఆ మూడోదాంట్లో ఎప్పుడూ ఎయిర్ ఫ్రెషనర్ కలిసి ఉంటుంది.

ఆ ఉదయం బావ పడవ తలుపు తీయగానే గులాబీల వాసన గుప్పుమని మొహాన కొట్టింది. కాసేపటికి గులాబీల భుజాల మీంచి మిగతావన్నీ తొంగిచూశాయి. ఏళ్ళ తరబడి ఆరని గుడ్డ, కదలని మురుగు, ఏ మూలో పోయి ఎవరికీ చెప్పని ఎలుక. 

"ఎలా ఉందోయ్?" అన్నాడు బావ.

"ఇంకా లోపలికి రాలేదు బావా."

"రా మరి. బూట్లు బయట విప్పు. కార్పెట్."

బావ అంటే అక్క మొగుడు. ఏదో కంపెనీలో జనరల్ మేనేజరుగా రిటైరయ్యాడు. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ మొదలుకుని పై ఫ్లాటు పిల్లల దాకా అందరూ జీఎం గారనే అంటారు. ఆయన కూడా ఫోనెత్తితే పేరు చెప్పడు, "జీఎం" అంటాడు. ఆ వయసులో అందరూ డాక్టర్లకి మోకాళ్ళు చూపించుకుంటుంటే ఈయన నలభై ఏళ్ళనాటి ఇరవై ఆరడుగుల తెరచాప పడవ కొన్నాడు. కొని ఊరుకున్నా బాగుండేది. వచ్చే ఆదివారం భార్యని వెంటబెట్టుకుని, ఒడ్డు కనబడని సముద్రంలో రెండు రాత్రులు ప్రయాణం చేసి అవతలి దీవికి వెళ్తున్నానని అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాడు. వీడ్కోలు చెప్పడానికి జనం అప్పుడే బస్సు కూడా మాట్లాడేసుకున్నారు.

సర్వేయరుకి ఉన్నది ఒక్కతే అక్క. ఆమెకి ఈత రాదు. షవరు కింద కూడా కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడుతుంది.

"సొంతవాళ్ళ పడవ నేను చూడకూడదు బావా, వేరే సర్వేయర్ని పంపిస్తా," అని ఫోన్లో చెప్పి చూశాడు.

"ఇంట్లో మనిషిని పెట్టుకుని బయటివాడికి ఫీజివ్వమంటావా? నీకు అక్కంటే అభిమానం లేదూ?" అన్నాడు బావ.

అభిమానం ఉండబట్టే వచ్చాడు.

మెట్లు దిగి లోపల నిలబడి అతను చుట్టూ చూశాడు. పెద్దవీ చిన్నవీ ఎన్నో పడవల్లోకి దిగాడు గానీ ఇలా నేరుగా డ్రాయింగ్ రూములోకి దిగడం మాత్రం ఇదే మొదటిసారి. పైన ఫాల్స్ సీలింగు, దాన్నిండా చిన్న చిన్న లైట్లు. కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా లేత గోధుమరంగు కార్పెట్. వంట మూలలో గ్రానైట్ బల్ల. ఒకప్పుడు అల దెబ్బకి తట్టుకునే మందపాటి గుండ్రటి అద్దం ఉన్నచోట, పక్కకి జరిపే అల్యూమినియం కిటికీ, దోమల మెష్‌తో సహా. ఎదురుగా గాజు తలుపుల షోకేసు. అందులో పింగాణీ బొమ్మలు, బంగారు అంచున్న టీ సెట్టు, బావకి రిటైర్మెంటు రోజున ఆఫీసు వాళ్ళిచ్చిన జ్ఞాపిక.

"మన ఫ్లాటు చేసిన డిజైనరే," అన్నాడు బావ. "ఇంటికీ దీనికీ తేడా తెలీకూడదన్నాను."

"తెలీట్లేదు," అన్నాడు సర్వేయరు.

అక్క సోఫా అంచున కూర్చుని ఉంది. సోఫాకి ప్లాస్టిక్ కవరు. ఆమె కదిలినప్పుడల్లా అది చిటపటలాడింది. "కూచోరా తమ్ముడూ. ఆ కుషన్ మీద కాదు, దాని పక్కన."

అతను కూర్చోలేదు. చెక్క సుత్తి తీసుకుని పైకెక్కి డెక్కు మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఇలాంటి పడవల డెక్కులో రెండు ఫైబర్ పొరల మధ్య తేలికరకం చెక్క ఉంటుంది. చెక్క గట్టిగా ఉంటే సుత్తి టక్కుమంటుంది. నీళ్ళు తాగి కుళ్ళితే తడి దిండుని కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ముందు కొసన రెండుసార్లు టక్కుమంది. అక్కణ్ణుంచి తెరచాప కొయ్య దాకా టక్కన్న మాటే లేదు.

"చప్పుడే లేదు చూశావా?" అన్నాడు బావ మురిసిపోతూ. "బయటి గోల ఒక్కటి కూడా లోపలికి రాదు."

సర్వేయరు తేమ కొలిచే మీటరు తీసి డెక్కుకి ఆనించాడు. ముల్లు ఈ చివర్నుంచి బయల్దేరి ఆ చివరికి వెళ్ళి, ఇంకా వెళ్ళడానికి చోటు లేక ఆగింది. అతను కళ్ళు చికిలించి చూస్తుంటే బావ భుజం మీంచి వంగాడు. "మీటరు మీద ఆ ప్లాస్టిక్ కాగితం తీయలేదేం?"

"గీతలు పడతాయని."

బావ మెచ్చుకోలుగా తలూపాడు. ఆ ఉదయం ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం అదొక్కటే.

పడవ వెనక, చుక్కాని పట్టుకుని కూర్చునే చోటు చిన్న తొట్టిలా ఉంటుంది. అల వచ్చి అందులో పడితే నీళ్ళు మళ్ళీ సముద్రంలోకి పోవడానికి అడుగున తూములుంటాయి. తూములుండాల్సిన చోట డోర్‌మ్యాట్ ఉంది. మ్యాట్ ఎత్తితే తెల్ల సిమెంటు.

"బొద్దింకలొస్తున్నాయని మూయించేశాను," అన్నాడు బావ.

"సముద్రంలోంచా?"

"ఎక్కణ్ణుంచైతేనేం, వచ్చాయిగా."

"అల లోపల పడితే నీళ్ళెలా పోతాయి బావా?"

"మగ్గుతో తోడేస్తాం. మీ అక్క ఉందిగా."

సర్వేయరు మళ్ళీ కిందికి దిగాడు. పడవని పక్కకి పడిపోకుండా నిలబెట్టేది దాని పొట్ట కింద వేలాడే ఇనప బరువు. దాన్ని పట్టుకున్న బోల్టులు చూడాలంటే కార్పెట్ ఎత్తాలి. బావ ఒప్పుకోలేదు. అక్క బతిమాలితే చివరికి ఒక మూల, అదీ గోరంత, ఎత్తనిచ్చాడు. కింద చెక్క పలక తీయగానే గులాబీలు చేతులెత్తేశాయి. నల్లటి నీళ్ళు. వాటి మీద ఇంద్రధనుస్సులా తేలే నూనె. నూనెలో మీగడలాంటిదేదో. సర్వేయరు మోచేయి దాకా చొక్కా మడిచి, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి ముంచాడు. వేళ్ళకి తగిలిందాన్ని గురించి ఆలోచించకూడదనుకుని బోల్టు మీద గోటితో గీకాడు. వెండిరంగు పెయింటు ఊడొచ్చింది. పెయింటు వెంట బోల్టు కూడా ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడొచ్చింది.

"పెయింటు గీకేస్తావేంటి!" అన్నాడు బావ.

బాత్‌రూములో, తెల్ల టైల్స్ వెనక, సముద్రపు నీళ్ళు లోపలికి తెచ్చే వాల్వు పచ్చగా చిలుం పట్టి బిగుసుకుపోయింది. దానికున్న పైపు నొక్కితే నానిన రొట్టెలా నలిగింది.

"దీన్ని వాడుతున్నారా?"

"ఛీ ఛీ," అంది అక్క. "కొత్త టైల్స్ వేయించాక వాడతారట్రా ఎవరైనా?"

ఫాల్స్ సీలింగు విప్పనివ్వలేదు. సర్వేయరు ఒక చిన్న లైటుని మెల్లిగా పీకి, ఆ కన్నంలోంచి వేలు పైకి పెట్టాడు. చెక్క తగలాలి. తగల్లేదు. వేలు వెచ్చగా, మెత్తగా ఉన్నదాంట్లోకి కణుపుల దాకా దిగిపోయింది. తీసేసరికి టీ డికాషన్ రంగు నీళ్ళు చెయ్యి వెంట కారుతూ చొక్కా లోపలికి, అక్కణ్ణుంచి చంకలోకి దారి చూసుకున్నాయి.  అక్క గబుక్కున లేచి చెయ్యి చాపింది. తమ్ముడి చేతికోసం కాదు. ఆ నీటి బొట్టు కార్పెట్ మీద పడకుండా.

ఇంక మిగిలింది తెరచాప కొయ్య. కొయ్యని నిలబెట్టే తీగలు రెండు పక్కలా బలమైన స్టీలు పట్టీలకి బిగించి ఉండాలి. ఎడమవైపు పట్టీ ఉంది. కుడివైపు పట్టీ కనబడలేదు. వెతగ్గా వెతగ్గా షోకేసు వెనక దొరికింది, సగం.

"మిగతాదేది?"

"అది అడ్డొచ్చిందోయ్. షోకేసు గోడకి ఆనట్లేదు. డిజైనరు కోసేశాడు."

సర్వేయరు షోకేసులోని పింగాణీ నెమలి వంక చూశాడు. నెమలి అతని వంక చూసింది.

"బావా, గాలి కుడివైపు నుంచి గట్టిగా కొడితే కొయ్య విరిగి పడుతుంది."

"ఎడమవైపు నుంచి కొడితే?"

"పడదు."

"మరింకేం!" అన్నాడు బావ.

"లైఫ్ జాకెట్లేవి?"

"ఇంట్లో, బీరువాలో. ఇక్కడ పెడితే తేమకి పాడైపోవూ?"

"తెరచాపలు?"

"కొత్త సెట్టు ఇంట్లోనే ఉంది, కట్ట విప్పలేదు. రోజువారీకి పాతవే. మీ అక్క మంచి మాట్లు వేసింది, చూడు."

మాట్లు నిజంగా బాగున్నాయి. హాల్లో ఉండే పాత కర్టెన్ గుడ్డ. పువ్వుల్ని సర్వేయరు గుర్తుపట్టాడు.

అతను చెయ్యి కడుక్కోవడానికి ఒడ్డున కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఒకసారి సబ్బుతో కడిగాడు. వాసన చూసి మళ్ళీ కడిగాడు. తిరిగొచ్చి, తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాడు. "ఇది సముద్రానికి పనికిరాదు బావా. డెక్కు కుళ్ళింది, బోల్టుల్ని తుప్పు తినేసింది, కొయ్య నిలవదు. ఇందులో అక్కని తీసుకెళ్తే ఇద్దరూ తిరిగి రారు."

బావ మొహం కందగడ్డలా అయింది. "నాకు తెలుసు. మేం ఏది కొన్నా నీ మొహం అలాగే ఉంటుంది. కారు కొన్నప్పుడూ అంతే."

"కారు మునగదు కదా బావా."

"సంతకం పెడతావా పెట్టవా?"

"పెట్టను."

"పెట్టకు. ఇన్సూరెన్సు లేకుండానే వెళ్తాం. అపార్ట్‌మెంటు మొత్తానికి చెప్పాను. ఇప్పుడు మా బావమరిది వద్దన్నాడని చెప్పి ఇంట్లో కూర్చోనా? ఆ మూడో అంతస్తు వాడు నవ్విపోడూ?"

ఆయన పైకి వెళ్ళిపోయి, తన పూర్తి పేరూ డిగ్రీలూ చెక్కించిన ఇత్తడి పలకని రుమాలుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. అక్క తమ్ముణ్ణి గ్రానైట్ బల్ల దగ్గరికి లాగింది.

"నిజం చెప్పరా. మునుగుతుందా?"

"మునుగుతుంది."

"వెంటనేనా, కొంచెం దూరం వెళ్ళాకా?"

"అక్కా!"

"కాదురా, వాళ్ళంతా వీడియో తీస్తారు. వాళ్ళకి కనబడనంత దూరం వెళ్ళాక నేను తలనొప్పని వెనక్కి తిప్పిస్తా. అప్పటిదాకా ఆగదా?"

"వెళ్ళనని చెప్పెయ్యొచ్చుగా?"

"నీకు చెప్పడం తేలిక. నేను క్యాపు కూడా కొనుక్కున్నా, దాని మీద మా ఇద్దరి పేర్లూ రాయించుకున్నా. వాంతుల మాత్రలు కొన్నా. అందరికీ చూపించా." ఆమె బల్ల అంచుని కొంగుతో తుడిచింది. "రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదురా. కళ్ళు మూస్తే నీళ్ళే. కానీ ఆయన ఇంత దూరం వచ్చాక నేను కాదంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

  మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇద్దరు మనుషులు సముద్రం అడుగున పెట్టుకోవడానికి సిద్ధపడ్డారు.

అప్పుడే పైనుంచి "రండి రండి సెక్రటరీ గారూ!" అన్న కేక వినబడింది. అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ. ఆదివారం బస్సు ఎక్కడ ఆపాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకోవడానికి వచ్చాడు. లావుపాటి మనిషి. మెట్లు దిగుతూ ఒక్కో మెట్టునీ పొగిడాడు. "ఏం సీలింగండీ! మా ఇంట్లో లేదండీ ఇలాంటి సీలింగు!" బావ మళ్ళీ జీఎం అయ్యాడు. అక్క ఫ్లాస్కులోంచి కాగితపు కప్పుల్లో కాఫీ పోసింది. బంగారు అంచు కప్పులు షోకేసులోంచి చూస్తూ ఊరుకున్నాయి.

"అయితే జీఎం గారూ, తుఫాను గట్రా వస్తే?" అన్నాడు సెక్రటరీ కప్పు అందుకుంటూ.

"ఇది ఎన్ని తుఫాన్లు చూసిందో," అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడే బయట ఒక చేపల లాంచీ వెళ్ళింది. రేవులో మెల్లిగానే వెళ్ళింది. దాని వెనక లేచిన అల కూడా పెద్దదేం కాదు, మోకాలి ఎత్తుకి తక్కువే. పడవ ఒకసారి అటు ఒరిగి, ఒకసారి ఇటు ఒరిగింది. సెక్రటరీ చేతిలో కప్పు ఒరిగింది. కాఫీ మొత్తం లేత గోధుమరంగు కార్పెట్ మధ్యలో పడింది. నిలదొక్కుకోవడానికి ఆయన సీలింగుని పట్టుకున్నాడు. సీలింగు మీద అయిదు వేళ్ళ అచ్చులూ పడ్డాయి. షోకేసు తలుపు తెరుచుకుని, పింగాణీ నెమలి తీరిగ్గా బయటికొచ్చి, గ్రానైట్ బల్లకి తగిలి, తల లేకుండా కింద పడింది.



సర్వేయరు బావ మొహం చూశాడు. బోల్టులు పొరలూడితే రెప్ప వెయ్యని మనిషి. ఇద్దరూ తిరిగి రారంటే కారు సంగతి ఎత్తిన మనిషి. ఆ మొహంలో ఇప్పుడు రక్తం చుక్క లేదు. అక్క మోకాళ్ళ మీద కూలబడి కొంగుతో కాఫీని అద్దుతోంది. 

సర్వేయరుకి విషయం అర్థమైంది. అర్థమైనందుకు తనమీద తనకే ఏవగింపు పుట్టింది. అయినా గొంతు సవరించుకున్నాడు.

"చూశారా బావా? ఇది ఒడ్డున కట్టి ఉండగా," అన్నాడు.

బావ తలెత్తాడు.

"సముద్రంలో ఇలాంటిది క్షణానికొకటి. రాత్రీ పగలూ. ఉప్పునీళ్ళు ఒక్కసారి తగిలితే ఈ కార్పెట్ మీద తెల్ల మచ్చలు, జన్మలో పోవు. సీలింగు పసుపుపచ్చగా అయిపోతుంది. టీ సెట్టులో ఒక్క కప్పు మిగిలితే నన్నడగండి. ఆ జ్ఞాపిక..." జ్ఞాపిక పేరు ఎత్తి ఆపేశాడు. మిగతాది బావే ఊహించుకున్నాడు.

"ఇందాక ఇదంతా చెప్పలేదేం?" అన్నాడు బావ నీరసంగా.

"చెప్పడం చేతకాలేదు. ఇంత ఫినిషింగ్ ఉన్న పడవని ఎవరూ సముద్రంలోకి తీసుకెళ్ళరు బావా. అవి వేరే. మొరటు పడవలు. లోపల బల్లలు తప్ప ఏమీ ఉండవు."

"బల్లలా?" అన్నాడు సెక్రటరీ అసహ్యంగా.

"ఉట్టి బల్లలు. తడి బూట్లతోనే తిరుగుతారు."

అక్క కొంగు పిండుకుంటూ మొగుడి వంక చూసింది. "ఏవండీ, తడి బూట్లట."

బావ చాలాసేపు తల లేని నెమలిని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని షోకేసులో, విరిగిన వైపు గోడకి తిప్పి, నిలబెట్టాడు. సెక్రటరీ వైపు తిరిగాడు. అప్పటికి గొంతులో జీఎం వచ్చేశాడు.

"మా బావమరిది ఈ లైన్లో ఎక్స్‌పర్ట్. తీసుకెళ్ళొద్దంటే వద్దు. వాడి మాట కాదనలేను. ఆదివారం అందరూ ఇక్కడికే వచ్చెయ్యండి. బస్సు ఎలాగూ మాట్లాడారుగా. చూసి వెళ్ళండి."

"బూట్లు?" అంది అక్క.

"బయట," అన్నాడు బావ.

ఆ మధ్యాహ్నం సర్వేయరు తన లెటర్‌హెడ్డు మీద ఒక్క అబద్ధం లేకుండా రాశాడు. 'ఈ పడవ సముద్ర ప్రయాణానికి పనికిరాదు. కట్టిన చోటు నుంచి కదల్చరాదు. బాత్‌రూము వాల్వు ముట్టుకోరాదు.' రాసిచ్చి, ఎవరూ చూడకుండా ఆ వాల్వు పైపుకి రెండు క్లిప్పులు బిగించి, మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. బావ కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నెమ్మదిగా చదివాడు. చదువుతుంటే ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

తర్వాతి వారం సర్వేయరు వెళ్ళేసరికి ఆ కాగితం ల్యామినేషన్ చేయించుకుని, బంగారు ఫ్రేములో, షోకేసు నడి అరలో ఉంది. నెమలికి తల అతికించారు, కొంచెం పక్కకి. మూడో అంతస్తాయన చేతులు వెనక్కి కట్టుకుని ఫ్రేములోది చదువుతున్నాడు.

"కదల్చకూడదా?" అన్నాడు గౌరవంగా.

"చాలా డెలికేట్," అన్నాడు బావ. "మామూలు పడవలైతే ఎవరైనా తీసుకెళ్తారు."

మూడో అంతస్తాయన తన సాక్సుల వంక చూసుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఒరేయ్, కూచో," అంది అక్క. "ఆ పక్కన."

అతను ఆ పక్కనే కూర్చున్నాడు. ప్లాస్టిక్ చిటపటలాడింది. సీలింగు లైటు కన్నం చుట్టూ టీ రంగు మరక కిందటివారం కన్నా పెద్దదైంది. దాని మీద పువ్వు స్టిక్కరు అతికించారు. ఈసారి ఎయిర్ ఫ్రెషనర్ నిమ్మకాయది. నిమ్మకాయ వెనక నుంచి ఎలుక పలకరించింది.

అక్క కాగితపు కప్పులో కాఫీ ఇచ్చింది. "మంచి కప్పులు వచ్చినవాళ్ళకిరా. నువ్వు ఇంట్లో మనిషివి."

"మరి వచ్చినవాళ్ళకిచ్చారా?"

"ఇవ్వలేదు. పగులుతాయిగా."

అతను ముక్కుతో కాకుండా నోటితో ఊపిరి పీలుస్తూ కాఫీ తాగాడు. కాఫీలోనూ ఆ వాసనే. ఎదురుగా అక్క, రేవు గోడకి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, పొడి బట్టలతో, కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉంది. కళ్ళ కింద నలుపు కాస్త తగ్గింది. నిద్ర పడుతున్నట్టుంది.

"ఇంకొంచెం పొయ్యనా?" అంది.

అతను కప్పులోకి చూశాడు. కడుపు వద్దంది.

"పొయ్యి," అన్నాడు.